నల్గొండల కూసొని ఇంగ్లీషుల ఫాంటసీ నవల రాసినోళ్లకు: న్యూయార్క్ ఏజెంటా, ఢిల్లీ ఏజెంటా, అసలు ఏజెంటే వద్దా

పోయిన వారం మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. అన్నా నవల అయిపోయింది, 92 వేల పదాలొచ్చింది, పిల్లలమర్రి ఊడల కింద ఇంకో ఊరుంటది, రాత్రయితే ఆ ఊరోళ్లు వచ్చి మన గల్లీలల్ల అద్దెకుంటరు, గదీ కథ, ఇంగ్లీషుల రాసిన, ఇప్పుడు ఏజెంట్‌ను ఎట్ల పట్టాలె అన్నడు. గంటసేపు చెప్పిన, ఫోన్ పెట్టినంక సగం చెప్పనే లేదని యాదికొచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్న. ముందే చెప్తున్న, నేను రెండేండ్ల సంది ఇదే పని మీద ఉన్న, నాకింకా ఏజెంట్ దొరకలే. దొరికినోళ్లు చెప్పేది వేరే ఉంటది, ఇది దారిల ఉన్నోని మాట.

మొదలు తేల్చుకోవాల్సింది, నవల ఏ భాషల ఉన్నది. తెలుగులైతే ఏజెంట్ ముచ్చట ఇక్కడికే బంద్. తెలుగు పుస్తకాల కాడ ఏజెంట్ అనే మనిషి లేడు, రాసినోడే పబ్లిషర్‌కు ఫోన్ చేస్తడు, లేకపోతే సొంత పైసలు పెట్టి అచ్చేయించుకొని డిసెంబర్ల హైదరాబాద్ బుక్ ఫెయిర్‌ల ఎవరి స్టాల్‌ల పెట్టాల్నా అని తిరుగుతడు. అదేం తక్కువ పని కాదు, కొత్తగ వచ్చిన చిన్న పబ్లిషర్లు మంచి అట్టలేసి మంచిగ తెస్తున్నరు, కానీ దానికి క్వెరీ లెటర్లు, అంటే నా నవల చూడుండ్రి అని ఏజెంట్‌కు రాసే ఉత్తరాలు, అవసరం లేదు, నలుగురు రచయితల పరిచయం చాలు. తెలుగు నవలకు ఏజెంట్ పనికొచ్చేది ఒక్క కాడనే, దాన్ని ఎవరన్న ఇంగ్లీషు చేసినంక. అప్పుడు కూడ కనీసం మొదటి రెండు మూడు చాప్టర్లు మంచి అనువాదం చేతుల ఉండాలె. ఇక్కడి నుంచి రాసేదంత ఇంగ్లీషు నవల ఉన్నోళ్ల కోసం.

ఏజెంట్ అంటే ఏంది మరి. మన పెండ్లిళ్ల పేరయ్యనే అనుకోండ్రి. సంబంధం కుదిరితే కమీషన్, కుదరకపోతే చాయ్ పైసలు గూడ వానియే. ఇంగ్లీషు పుస్తకాలల్ల ఆ కమీషన్ మామూలుగ 15 శాతం, వేరే దేశంల అమ్మినా, వేరే భాషకు అమ్మినా 20 శాతం. పబ్లిషర్ ఇచ్చే పైసలు ఏజెన్సీ అకౌంట్‌ల పడ్తయ్, వాళ్ల వాటా పట్టుకొని మిగిలింది మనకు పంపుతరు. నవల చదవనీకె ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, ఇవేవీ ఉండవు. ఫోటో చూసినందుకే వెయ్యి రూపాయలు అడిగేటోడు పేరయ్య కాదు గదా, ఇదీ గంతే. అమెరికాల ఏజెంట్ల అసోసియేషన్ ఉన్నది, లండన్ల 1974 సంది ఒక అసోసియేషన్ ఉన్నది, రెండింటికీ మెంబర్లకు నియమాలున్నయ్. మెంబర్ కానోళ్లల్ల గూడ మంచోళ్లు ఉంటరు, కానీ చదివినందుకు ఫీజు అడిగితే మెంబరైనా కాకున్నా అక్కడ్నే ఆగుండ్రి.

ఇగ అసలు పోలిక. న్యూయార్క్, లండన్ ఏజెంట్లతోని లాభం ఏందంటే, అక్కడ ఫాంటసీ తప్ప ఇంకోటి ముట్టనోళ్లు ఉన్నరు. ఫాంటసీ పెద్ద పబ్లిషర్లల్ల చానామంది ఏజెంట్ లేకుంట పంపితే తెరిచి గూడ చూడరు, బేన్ లాంటి ఒకటి రెండు మాత్రం నేరుగ పంపినా తీసుకుంటయ్. నల్గొండల ఉన్నమని వాళ్లకేం ఫరక్ పడదు, అంత మెయిల్ మీదనో, వాళ్ల వెబ్‌సైట్ ఫారం మీదనో నడుస్తది, మాట్లాడాల్సొస్తే వీడియో కాల్. న్యూయార్క్‌ల పొద్దుగాల పది మనకు ఎండకాలం రాత్రి ఏడున్నర, చలికాలం ఎనిమిదిన్నర, కరెంటు పోకపోతే అంతే చాలు.

నష్టం ఏందంటే అర్బన్ ఫాంటసీ అన్న పేరు, అంటే ఇప్పటి ఊర్లల్ల, గల్లీలల్ల మాయ నడిచే మనసొంటి కథలకు పెట్టే పేరు. ఇరవై ఏండ్ల కింద ఆ పేరుతోని అక్కడ కుప్పలు కుప్పలుగ అచ్చేసిన్రు, సిటీల మంత్రగాడైన డిటెక్టివ్, తోలు జాకెట్ ఏసుకున్న అమ్మాయి చేతుల కత్తి, గవే అట్టలు గవే కథలు, తర్వాత ఎడిటర్లకే మొహం మొత్తింది. ఇప్పుడు కొందరు ఏజెంట్లు తమ పేజీల అర్బన్ ఫాంటసీ పంపకుండ్రి అని రాసి పెట్టుకుంటరు, అదే మనిషి కాంటెంపరరీ ఫాంటసీ అంటే తీసుకుంటడు. ఇది మోసం కాదు, పేరు మార్చుకునుడు గంతే. కాకుంటే కథల లవ్ స్టోరీనే వెన్నుపూస అయితే అది పారానార్మల్ రొమాన్సో రొమాంటసీయో అయితది, అది వేరే ఏజెంట్ల దగ్గరికి పోతది. మన ఊరి కథల ఊరే ముఖ్యమైతే, మాయ మొత్తం బస్టాండ్లల్ల, ఎమ్మార్వో ఆఫీసులల్ల నడుస్తున్నదైతే అర్బన్ ఫాంటసీనే, పైన లేబుల్ ఏజెంట్‌ను బట్టి పెట్టుకోండ్రి. ఇగ పదాలు, 80 వేల నుంచి లక్ష దాకా మంచిది, లక్షా ఇరవై దాటితే మొదటి నవలకు కష్టం. తమ్ముని 92 వేలు కరెక్ట్ జాగల ఉన్నది.

ఇండియా ఏజెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జైపూర్ల సియాహి, ఢిల్లీల రైటర్స్ సైడ్, రెడ్ ఇంక్, బెంగళూరుల మొదలైన జకరండా, ఇట్ల. వీళ్లతోని సుఖం ఏందంటే నైట్ హాల్ట్ బస్సు అంటే ఏందో వివరించాల్సిన పని లేదు. ఢిల్లీ, గుర్గావ్ ఎడిటర్లు వీళ్లకు పేరు పెట్టి పిలిచేంత దగ్గర. కష్టం ఏందంటే మన దేశంల ఇంగ్లీషు ఫాంటసీ మార్కెట్ల పురాణాలదే రాజ్యం, మీ కథల దేవుడు ఉన్నడా, ఏ పురాణం అని అడుగుతరు. లేడంటే జెరసేపు చప్పుడుండదు. ఇంకోటి, కొన్ని ఏజెన్సీలు పక్కన పైసలు తీసుకొని ఎడిటింగ్ గూడ చేస్తయ్. అది నేరమేం కాదు గని, నవల వద్దన్న మెయిల్‌లనే మా ఎడిటింగ్ ప్యాకేజీ తీసుకోండ్రి అని వస్తే నాకు మనసొప్పదు. డాక్టరే మందుల షాపు నడిపినట్టుంటది. అడుగుండ్రి, ఈ ఎడిటింగ్ తీసుకోకపోతే మీరు నా పుస్తకం చూస్తరా చూడరా అని. జవాబు నాన్చితే అర్థం చేసుకోండ్రి.

పైసల లెక్క జెర చూద్దం, ఊకె కమీషన్ పోతదని బాధపడేటోళ్ల కోసం. ఇక్కడ పేపర్‌బ్యాక్ ధర 399 అనుకోండ్రి, రాయల్టీ ఏడున్నర శాతం అనుకుంటే కాపీకి ముప్పై రూపాయలు. ఏజెంట్ వాటా దాంట్ల నాలుగున్నర. లక్ష రూపాయల అడ్వాన్స్ ఇచ్చిన్రనుకుంటే, ఏజెంట్‌కు 15 వేలు పోను మనకు 85 వేలు, అది గూడ ఒకేసారి రాదు, సంతకం చేసినప్పుడు కొంత, నవల ఇచ్చినప్పుడు కొంత, అచ్చయినప్పుడు కొంత. ఆ లక్ష అడ్వాన్స్ ముప్పై ముప్పై చొప్పున తీరాలంటే 3,300 కాపీల పైన అమ్ముడుపోవాలె, అప్పటిదాక ఇంకో రూపాయి రాదు. తీరకపోతే అడ్వాన్స్ వాపస్ ఇచ్చేదేం లేదు, భయపడకుండ్రి. ఏజెంట్ ఉంటే ఆ ఏడున్నర పది అయ్యే ఛాన్స్ ఉంటది, లక్ష లక్షన్నర అయ్యే ఛాన్స్ ఉంటది, గా తేడాలనే ఆయన కమీషన్ ఎల్తది.

ఏజెంట్ అసలు పనికొచ్చేది పైసల కాడ కాదు, కాగితాల కాడ. 2022 ఫిబ్రవరిల అమెజాన్ వాళ్లు వెస్ట్‌ల్యాండ్ అనే పబ్లిషింగ్ కంపెనీని మూసేస్తున్నమన్నరు, పెద్ద పెద్ద రచయితల పుస్తకాలు గూడ ఆ లిస్టుల ఉండె, రాత్రికి రాత్రి నా హక్కులు నాకెట్ల వాపస్ వస్తయ్ అని అందరికీ అదే ఆగమాగం. తర్వాత ప్రతిలిపి వాళ్లు చేతులు కలిపి ఆ టీమ్‌ను మళ్ల నిలబెట్టిన్రు, అది వేరే ముచ్చట. కంపెనీ మూతపడితే, పుస్తకం దొరకకుంట పోతే హక్కులు ఎన్ని రోజులల్ల రచయితకు తిరిగి రావాలె అనే లైను కాంట్రాక్టుల ఉందా లేదా చూసేది ఏజెంటే. అట్లనే ఇండియా వరకే హక్కులిస్తున్నమా, ప్రపంచం మొత్తం ఇస్తున్నమా అనేది గూడ. ఇక్కడి పబ్లిషర్‌కు ప్రపంచ హక్కులు రాసిచ్చినంక రేపు లండన్ నుంచి ఎవరన్న అడిగినా బేరం మన చేతుల ఉండదు. సినిమా, వెబ్ సిరీస్ హక్కులు పబ్లిషర్‌కు ఇయ్యకుండ విడిగ ఉంచుకుంటే మంచిది, నీడలు తిరిగే కథ ఎవనికి ఎప్పుడు నచ్చుతదో ఎవరికెరుక.

నీడలంటే నా నవల చెప్పాలె, ఎందుకంటే క్వెరీ లెటర్ అంటే ఏందో దాంతోనే సమజైతది. మా పానగల్లుల ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది గదా, గర్భగుళ్లె ఒక నీడ పొద్దంత కదలకుండ ఉంటది, ఎండ ఎటు తిరిగినా అది తిరగదు. నా నవలల ఆ నీడ ఒక రోజు గుళ్లెకెళ్లి ఎల్లిపోతది. మొదటి క్వెరీల నేనేం రాసిననంటే, తెలంగాణల నల్గొండ జిల్లా ఉన్నది, అక్కడ కందూరు చోడులు పాలించిన్రు, వాళ్లు కట్టించిన గుడి ఉన్నది, ఆ నీడ రహస్యం ఇంజనీరింగ్ అద్భుతం, ఇట్ల ఆరు లైన్లు. ఇరవై ఒక్క మందికి పంపిన. పదమూడు మంది జవాబే ఇయ్యలే, మిగతావి రెడీమేడ్ రిజెక్షన్లు. మా చెల్లెకు చూపిస్తే, అన్నా ఇది టూరిజం బోర్డు పాంప్లెట్ లెక్కున్నది, మనుషులేరీ ఇండ్ల అన్నది. కోపమొచ్చింది, రెండు రోజులు మాట్లాడలే, మూడో రోజు కూసొని మళ్ల రాసిన. ఇప్పుడు మొదలు ఇట్లుంటది: దేవరకొండ పోయే ఆఖరి బస్సుల కండక్టర్‌ను ఒక రాత్రి ఒక నీడ టికెట్ అడుగుతది, నీడ ఉన్నది, మనిషి లేడు. తెల్లారేసరికి ఊరి గుళ్లె ఎన్నడూ కదలని నీడ కనవడకుంట పోయిందని తెలుస్తది, ఒక్కొక్కళ్ల నీడ పోవుడు షురువైతది, నీడ పోయినోళ్లను ఇంటోళ్లే గుర్తుపడ్తలేరు, ఆ కండక్టరమ్మ తమ్ముని నీడ పల్చవడుతున్నది.

గంతే. ఊరి పేరు ఒక్కసారి, చరిత్ర సున్నా. ఈసారి పన్నెండు మందికి పంపితే ముగ్గురు మొత్తం నవల అడిగిన్రు. ఇద్దరు వద్దన్నరు, ఒకరు కండక్టర్ ఇష్టం గని నడుమ వంద పేజీలు సాగదీసినవ్ అని ఏడెనిమిది లైన్లు రాసిన్రు, అది చదివి నడుమ భాగం అంత విప్పి మళ్ల కుట్టిన.

క్వెరీ ఒక పేజీ దాటొద్దు, కథ రెండు చిన్న పేరాలు, తర్వాత పదాలెన్ని, ఏ జానర్, పోయిన నాలుగైదేండ్లల్ల వచ్చిన రెండు పుస్తకాలు, నా పుస్తకం వీటి పక్కన నిలబడ్తది అని, ఆఖరికి మీ గురించి రెండు లైన్లు. అందరికీ తెలిసిన పాత పెద్ద సిరీస్‌లతోని పోల్చకుండ్రి, అమాయకత్వం బయటపడ్తది. ఏడు భాగాల సిరీస్ రాసిన అని గూడ అనకుండ్రి, ఈ ఒక్కటే పూర్తి కథ, కావాలంటే సాగదీయొచ్చు అనే అర్థం వచ్చేటట్టు రాస్తే చాలు. అమెరికా ఏజెంట్లు క్వెరీతోని ఐదో పదో పేజీలు అడుగుతరు, లండనోళ్లు మొదటి మూడు చాప్టర్లు లేదా పదివేల పదాలు, దాంతోపాటు సినాప్సిస్, అంటే కథ మొత్తం చిన్నగ చెప్పుడు. సినాప్సిస్‌ల ఆఖరికి ఏమైతదో చెప్పాలె, దాచిపెట్టి సస్పెన్స్ చేస్తే నవ్వుకుంటరు. ఏజెంట్‌కు ఏజెంట్‌కు అడిగేది మారుతది కాబట్టి వాళ్ల పేజీ చదవకుంట పంపకుండ్రి.

ఎవరికి పంపాలె అనేదానికి క్వెరీ ట్రాకర్ అనే సైట్ ఉన్నది, ఫ్రీ అకౌంట్ చాలు, ఎవరికి ఎప్పుడు పంపినమో రాసుకోవచ్చు. మాన్యుస్క్రిప్ట్ విష్ లిస్ట్ అని ఇంకోటి, ఏ ఏజెంట్‌కు ఎసొంటి కథ కావాల్నో వాళ్లే రాసి పెట్టుకుంటరు, అండ్ల సిటీ, జానపదం, దయ్యాలు అని వెతకుండ్రి. ఎవరు నిజంగ పుస్తకాలు అమ్మిన్రో తెల్వాలంటే పబ్లిషర్స్ మార్కెట్‌ప్లేస్‌ల ఉంటది గని అది పైసల చందా, ఒక నెల తీసుకొని చూసుకొని బంద్ చేస్తే సరిపోతది. రైటర్ బివేర్ మాత్రం తప్పక చూడాలె, దొంగ ఏజెంట్ల ముచ్చట్లు అండ్లనే ఉంటయ్. ఈ మధ్య ఎక్కువైన దొంగతనం ఏందంటే నిజమైన ఏజెంట్ పేరు పెట్టుకొని జీమెయిల్ నుంచి మీ పుస్తకం మాకు మస్తు నచ్చింది అని రాసుడు. మీరు పంపకుంటనే నచ్చిందంటే ఎట్ల నచ్చింది? మెయిల్ అడ్రస్ చివర ఏజెన్సీ సొంత డొమైన్ ఉందా చూడుండ్రి.

ఒక్కొక్కరికి పంపి జవాబు కోసం కూసుంటే ముసలోళ్లమైతం, ఒక్కోసారి ఏడెనిమిది మందికి పంపొచ్చు, అది తప్పు కాదు, అందరూ అట్లనే చేస్తరు. ఒకే ఏజెన్సీల ఇద్దరికి మాత్రం ఒకేసారి వద్దు. రెండు మూడు నెలలు చప్పుడు లేకపోతే వద్దన్నట్టే. ఎవరన్న తీసుకుంటమని అంటే ఎగిరి గంతేసి ఆ పూటనే సంతకం పెట్టకుండ్రి, రెండు వారాలు టైం అడుగుడు రివాజు, మిగతావాళ్లకు నాకు ఆఫర్ వచ్చిందని మెయిల్ కొట్టాలె, అప్పటిదాకా చప్పుడు చేయనోళ్లు గూడ లేస్తరు. ఏజెన్సీ కాంట్రాక్టుల విడిపోవాలంటే ఎన్ని రోజుల నోటీసు అనేది చూడాలె, నెలో రెండు నెలలో ఉంటే మామూలే.

ఏజెంట్ లేని దార్లు రెండున్నయ్. ఒకటి, ఇక్కడి పబ్లిషర్లకు నేరుగ పంపుడు. కొందరు తీసుకుంటరు, వాళ్ల సైట్ల సబ్మిషన్ పేజీ తెరిచి ఉన్నప్పుడు పంపాలె, నెలలు పడ్తది, వచ్చిన కాంట్రాక్ట్ చదివిపెట్టే వకీలు మీరే వెతుక్కోవాలె. రెండు, కేడీపీల, అంటే రాసినోళ్లే పుస్తకం పెట్టుకునే అమెజాన్ సైట్‌ల, సొంతంగ పెట్టుకునుడు. ఇండియా కొనుగోళ్ల మీద 70 శాతం రాయల్టీ రావాలంటే కేడీపీ సెలెక్ట్‌ల చేరాలె, చేరితే ఆ ఈబుక్ ఇంకెక్కడా పెట్టొద్దు. చేరకపోతే 35. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబర్, మన దేశంల సర్కారు ఏజెన్సీనే ఫ్రీగ ఇస్తది, దానికి పైసలడిగేటోళ్లను నమ్మకుండ్రి. అమెరికా అమ్మకాల మీద పన్ను ఫారం నింపేటప్పుడు పాన్ నంబర్ ఇస్తే మన రెండు దేశాల ఒప్పందం కింద 15 శాతమే కోస్తరు, లేకుంటే 30 పోతది. అయితే ఒకటి గట్టిగ చెప్తున్న, కేడీపీలనో, ప్రతిలిపిల సీరియల్‌గనో ఒకసారి పెట్టిన నవలను తర్వాత ఏజెంట్ దగ్గరికి తీసుకపోతే చానామంది ముట్టరు, వేలల్ల అమ్ముడుపోతే తప్ప. అందుకే వరుస ముఖ్యం, ముందుగాల ఏజెంట్లు, తర్వాత సొంతం. ఉల్టా నడవదు.

ఇంకో రకం ఉన్నది, దాన్ని దారి అనను. నిరుడు నల్గొండ బస్టాండ్ల ఉన్నప్పుడు ఒక ఫోన్ వచ్చింది, ఏదో పబ్లిషింగ్ కంపెనీ అట, సార్ మీ నవల సెలెక్ట్ అయింది, 80 వేల ప్యాకేజీ, దేశం మొత్తం షాపులల్ల అందుబాటుల ఉంటది అన్నడు. ఎన్ని షాపులల్ల పెడ్తరు అన్న. అందుబాటుల ఉంటది సార్ అన్నడు. అదే, మా క్లాక్ టవర్ కాడి షాపుల ఉంటదా అన్న. ఎవరన్న ఆర్డర్ చేస్తే తెప్పిస్తరు సార్ అన్నడు. నవల పేరేంది అన్న. లైన్ల ఉండండి సార్ అన్నడు. మిర్యాలగూడ బస్సొచ్చింది, ఎక్కిన, ఇంకా లైన్లనే పెట్టిండు.

మరి తమ్మునికి నేనేం చెప్పిన్నంటే, మొదటి ఆరు నెలలు సముద్రం అవతలి ఏజెంట్లు, ఎనిమిది మంది చొప్పున, ప్రతి గుంపు తర్వాత క్వెరీ మార్చుకుంట. అవతల ఎవరూ నవల మొత్తం అడగకపోతే తప్పు క్వెరీది, అడిగి వద్దంటే తప్పు నవలది, దాన్ని బట్టి రిపేర్ చేసుకో. ఆ తర్వాత ఆరు నెలలు ఇండియా ఏజెంట్లు, వాళ్లతోపాటే కాదు, తర్వాతనే, ఎందుకంటే ఇక్కడ ముందు హక్కులు కుదిరితే అవతల బేరం సన్నగిల్లుతది. నీ కథల పురాణం ఎక్కువుంటే మాత్రం ఈ వరుస తిప్పెయ్, ఇక్కడోళ్లకే ముందు చూపెట్టు. సంవత్సరం అయినా ఏం కాకపోతే పబ్లిషర్లకు నేరుగ, అదీ కాకపోతే కేడీపీ, ఈలోపల రెండో నవల మొదలుపెట్టు, దీనికి సీక్వెల్ కాదు, వేరేది. సీక్వెల్ ఎందుకొద్దన్నా అని అడిగిండు. మొదటిది అమ్ముడుపోకపోతే రెండోది ఎవనికి అమ్ముతవ్ రా అన్న.

నాది ఇప్పుడు ఒకరి దగ్గర పదకొండు వారాల సంది ఉన్నది, నడుమ వంద పేజీలు విప్పి కుట్టినంక పంపింది. చలికాలం కాబట్టి ఎనిమిదిన్నరకు వాళ్ల ఆఫీసు మొదలైతది, మా ఇంట్ల సీరియల్ గూడ అదే టైంకు. మెయిల్ ఓపెన్ చేసుడు, మూసుడు, అన్నం తినుడు.